చిన్న బైకుల రేసింగ్: టైర్లలో గాలి ఎంత పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్15, అపాచీ 200, ఆర్సీ 390 లాంటి బైకులతో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో వెళ్లే మనవాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు, చాలా సంతోషం. కానీ ప్రతి వీకెండ్ పిట్‌లో (ట్రాక్ పక్కన బైకులు ఆపి సరిచేసుకునే చోట) అవే ప్రశ్నలు, అందులోనూ ముప్పావు వంతు గాలి గురించే. ఇంజిన్‌కి, సైలెన్సర్‌కి వేలకు వేలు పెట్టినవాళ్లు కూడా గాలి దగ్గరికి వచ్చేసరికి పక్కవాడిని అడిగి అదే పెట్టేస్తున్నారు. అందుకే నాకు తెలిసినవన్నీ ఒకచోట రాస్తున్నా.

ఎంత పెట్టాలో ఒక్క నంబర్ చెప్పేయొచ్చు కదా అన్నా?

మొదలుపెట్టడానికైతే చెప్తా. వార్మర్లు (టైర్‌ని ముందే వేడిచేసే కరెంటు దుప్పట్లు) లేకుండా, మామూలు రోడ్డు టైర్లతో (కొంచెం స్పోర్ట్ రకం అయినా సరే) ఆర్15, అపాచీ 200 లాంటి తేలిక బైకు అయితే పొద్దున నీడలో చల్లగా ఉన్నప్పుడు ముందు 28, వెనక 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). ఆర్సీ 390, ఆర్ఆర్ 310 లాంటి కాస్త బరువైన రేడియల్ టైర్ల బైకు అయితే ముందు 29, వెనక 28. నేను ఎప్పుడూ ఇక్కడ మొదలుపెడతా, ఇక్కడే ఆగిపోను. మొదటి సెషన్ అయ్యాక టైర్ చెప్పేదాన్ని బట్టి అర పీఎస్ఐ, ఒక పీఎస్ఐ అటూ ఇటూ జరుపుతా. మీ టైర్ కంపెనీ ట్రాక్ వాడకానికి ప్రత్యేకంగా నంబర్ ఇచ్చి ఉంటే నా నంబర్ మర్చిపోయి వాళ్లదే తీసుకోండి. రోడ్డు టైర్లలో చల్లగా 25 కంటే కిందికి మాత్రం ఎవరు చెప్పినా దిగొద్దు.

చల్లని ప్రెషర్, వేడి ప్రెషర్ అని రెండు చెప్తారు, ఏది చూడాలి?

రెండూ చూడాలి, కానీ నిర్ణయం తీసుకోవాల్సింది వేడి ప్రెషర్ చూసే. ఎందుకంటే మీరు మూలల్లో బైకు వంచేది వేడి టైర్ మీద కదా. చల్లని నంబర్ అనేది ఆ వేడి నంబర్‌కి చేరడానికి మనం వేసుకునే అంచనా, అంతే.

లెక్క కూడా కష్టమేం కాదు. టైర్ లోపల గాలికి ఎటూ పోయే దారి లేదు, వేడెక్కితే ప్రెషర్ పెరగాల్సిందే. 28 పీఎస్ఐ ఉన్న టైర్‌లో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.4 పీఎస్ఐ పెరుగుతుంది. అంటే లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 55కి వెళ్తే మూడున్నర పెరిగి 31.5 అవుతుంది, 65కి వెళ్తే దగ్గరదగ్గర 33 అవుతుంది. ఇందులో బ్రాండుతో పనే లేదు, ఏ టైర్‌కైనా ఇదే లెక్క. ఒకసారి ఇది బుర్రకెక్కితే మిగతా ప్రశ్నలు సగం వాటంతటవే తేలిపోతాయి.

మరి ఎంత పెరిగితే సరిగ్గా ఉన్నట్టు?

చిన్న బైకు మీద వార్మర్లు లేకుండా 15 నిమిషాల సెషన్ గట్టిగా తోలి వస్తే 3 నుంచి 5 పీఎస్ఐ మధ్యలో పెరగడం నాకు బాగుంటుంది. 28 పెట్టి వెళ్తే 31 నుంచి 33 మధ్యలో రావాలి.

ఇక్కడే చాలామంది తిరకాసు పడతారు. 28తో వెళ్లి 35కి వచ్చింది, ఎక్కువైపోయింది కాబట్టి తర్వాతిసారి 25తో వెళ్తా అంటారు. అది చాలాసార్లు తప్పు. గాలి తక్కువైతే టైర్ పక్కలు ఎక్కువ నలుగుతాయి, నలిగేకొద్దీ రబ్బరు వేడెక్కుతుంది, వేడెక్కేకొద్దీ ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. అందుకని మరీ ఎక్కువ పెరిగిందంటే మొదట పెట్టిందే తక్కువేమో అని ఒక్కసారి అనుమానించాలి, ఒక పీఎస్ఐ పెంచి చూస్తే పెరుగుదల తగ్గిందంటే సంగతి అదే. దానికి రివర్స్, 28తో వెళ్లి 29.5కే వచ్చిందంటే రెండే కారణాలు, ఒకటి గాలి ఎక్కువై టైర్ నలగట్లేదు, లేదా మీరు ఇంకా టైర్‌ని పని చేయించేంత వేగంగా వెళ్లట్లేదు. కొత్తగా ట్రాక్‌కి వచ్చినవాళ్లకి రెండోదే ఉంటుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ముందు లైన్లు (మూలల్లో బైకు వెళ్లాల్సిన దారి) నేర్చుకోండి, గాలి ముట్టుకోకండి.

గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుంది కదా, ఇంకా తగ్గిస్తే ఇంకా పెరగాలి కదా?

కొంతవరకే. గాలి తగ్గిస్తే టైర్ నేలకి ఎక్కువ మేర ఆనుతుంది, చిన్న చిన్న గతుకులు తనే మింగేస్తుంది, త్వరగా వేడెక్కుతుంది, ఇదంతా నిజమే. కానీ ఒక హద్దు దాటాక టైర్ లోపలి అల్లిక గట్టిగా నిలబడదు. బైకు వంచినప్పుడు ముందు చక్రం ఒక క్షణం ఆలస్యంగా స్పందిస్తుంది, హ్యాండిల్ బరువుగా అనిపిస్తుంది, బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ముందు భాగం పిండి ముద్దలా కదులుతుంది, వెనక టైర్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పక్కకి ఊగుతుంది. పైగా కర్బు (ట్రాక్ అంచున ఉండే గట్టు) మీదికి ఎక్కితే రిమ్ము సొట్టపడే ప్రమాదం.

చిన్న బైకుకి ఈ హద్దు ఇంకో రకంగా పనిచేస్తుంది. పెద్ద బైకు గ్రిప్‌తో స్ట్రెయిట్‌లోకి (ట్రాక్ తిన్నగా ఉండే భాగంలోకి) ఎగిరిపోతుంది, మన 150, 200 బైకుకి అంత పవర్ లేదు, మూలలో వేగం పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడానికి స్ట్రెయిట్ మొత్తం పడుతుంది. అందుకే మనకి మూలలోకి వేగంగా, ఒకే కదలికలో పడిపోయే టైర్ కావాలి. గాలి మరీ తక్కువైన టైర్ నేలని పట్టుకుంటుందేమో గానీ తిరగడానికి బద్ధకిస్తుంది. ఇంకో సంగతి, టైర్ దొర్లడానికి ఎదురయ్యే నిరోధం కూడా పెరుగుతుంది, 18, 20 గుర్రాల ఇంజిన్‌కి అది స్ట్రెయిట్‌లో తెలిసిపోతుంది.

గాలి ఎక్కువైతే? బైకు చురుగ్గా తిరుగుతుంది, తేలిగ్గా ఉంటుంది, మొదటి రెండు ల్యాపులు భలే ఉంది అనిపిస్తుంది. తర్వాత గతుకు మీద చక్రం ఎగురుతుంది, నేల నుంచి చేతికి కబురు సరిగా అందదు, చెప్పకుండా జారుతుంది. నాకు జారిపోయిన రెండుసార్లూ గాలి ఎక్కువై జారినవే.

బైకు మీద స్టిక్కర్‌లో కంపెనీ రాసిన నంబర్ పెట్టుకుంటే పోదా?

అది రోడ్డుకి. వెనకాల మనిషి, సామాను, హైవే, మైలేజీ, టైర్ ఎక్కువ కాలం రావడం, ఇవన్నీ చూసుకుని వేసిన నంబర్ అది. ట్రాక్ మీద వెనకాల ఎవరూ కూర్చోరు, టైర్ ఆగకుండా వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా స్టిక్కర్ కంటే కొంచెం కిందే మొదలుపెడతాం, వెనక చక్రానికి ఆ తేడా ఎక్కువ ఉంటుంది.

ఎప్పుడు కొలవాలి, ఎలా కొలవాలి?

చల్లనిది పొద్దున్నే, బైకు నీడలో ఉండగా, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, చక్రాలకి ఎండ తగలకముందు. వేడిది పిట్‌లోకి వచ్చిన నిమిషం లోపు. హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, ల్యాప్ టైమ్ చూసుకుని, పక్కవాడితో ఆ మూల గురించి మాట్లాడి అప్పుడు కొలిస్తే ఆ నంబర్ దేనికీ పనికిరాదు. ఒక ఫ్రెండ్‌ని గేజ్ పట్టుకుని రెడీగా ఉండమనండి, మీరు స్టాండ్ వేసేలోపు అతను కొలిచేయాలి. ప్రతిసారీ అదే వరసలో, ముందు అంటే ముందు, వెనక అంటే వెనక, మార్చొద్దు, లేకపోతే రెండు సెషన్ల నంబర్లు పోల్చలేం.

ఇంకోటి, వేడిగా ఉన్న టైర్ ఎక్కువ చూపించిందని కంగారుపడి గాలి తీసేసి, గంట తర్వాత చల్లారాక కొలవకుండా అలాగే ట్రాక్ మీదికి వెళ్లిపోతారు, అప్పుడు ఔట్ ల్యాప్‌లో (పిట్ నుంచి బయటికి వెళ్లిన మొదటి ల్యాప్‌లో) 24, 25తో వెళ్తున్నారని వాళ్లకే తెలీదు. వేడిలో గాలి తీస్తే చల్లారాక మళ్లీ కొలిచి ఆ నంబర్ కూడా రాసుకోవాలి.

ఏ గేజ్ కొనాలి?

గాలి తీసే బటన్ ఉన్న, 0 నుంచి 60 పీఎస్ఐ వరకు మాత్రమే చూపించే గేజ్. లారీ టైర్లకి వాడే 150, 200 వరకు ఉండే గేజ్‌లో ఒక పీఎస్ఐ తేడా కంటికి కనిపించదు. డయల్ అయినా డిజిటల్ అయినా పర్లేదు, కింద పడేయకుండా బట్టలో చుట్టి పెట్టుకోండి.

మొదటిసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడు మా ఇంటి దగ్గర పంక్చర్ షాపులో 28 కొట్టించుకుని, బైకు టెంపోలో వేసుకుని వెళ్లిపోయా. నా దగ్గర గేజ్ లేదు. రెండో ల్యాప్‌లో వెనక చక్రం జారి పడ్డా, భుజం కొట్టుకుపోయింది. తర్వాత ఒకాయన తన గేజ్‌తో కొలిస్తే చల్లారిన టైర్‌లో 34 ఉంది. షాపతని తప్పు ఏముంది, ఆయన గేజ్ రోజుకి వంద బండ్లకి వాడేది, రోడ్డుకి అది చాలు. ఆ రోజు నుంచి నా గేజ్ నాదే, ఇంకొకరి గేజ్‌తో కొలిచిన నంబర్ నా పుస్తకంలో రాయను. మీ గేజ్ ఒక పీఎస్ఐ తప్పు చూపించినా ఎప్పుడూ అదే తప్పు చూపిస్తే పని జరిగిపోతుంది, కానీ పక్కవాడు "నేను 27 పెట్టా" అంటే అది వాడి గేజ్‌లో 27 అని గుర్తుండాలి.

హైదరాబాద్‌లోనే సెట్ చేసుకుని వస్తే సరిపోతుందా?

సరిపోదు. దారిలో ఉష్ణోగ్రత మారడం ఒకటి, ఇంకోటి ఎత్తు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంది, చెన్నై ఇంచుమించు సముద్ర మట్టంలోనే ఉంది. గేజ్ ఎప్పుడూ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది, చెన్నైలో బయటి గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో 28 పెట్టిన టైర్ అదే ఉష్ణోగ్రతలో అక్కడ 27 చిల్లర చూపిస్తుంది. గాలి ఎక్కడా కారలేదు, కంగారు పడొద్దు. కోయంబత్తూరు కూడా 400 మీటర్ల పైనే కాబట్టి అక్కడ తేడా చాలా తక్కువ. ఎక్కడికి వెళ్లినా అక్కడికి చేరాక మళ్లీ సెట్ చేసుకోవడమే.

పొద్దున సెషన్‌కి పెట్టింది మధ్యాహ్నం రేసుకి ఉంచేయొచ్చా?

ఉంచొద్దు. పొద్దున 22 డిగ్రీల్లో పెట్టిన 28, మధ్యాహ్నం 36 డిగ్రీల్లో టైర్ ఒక్క ల్యాప్ తిరగకుండానే 30 అయి కూర్చుంటుంది. తారు ఎండకి కాలిపోతుంటుంది, అందులో టైర్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది. అందుకని మధ్యాహ్నం రేసుకి ముందు నీడలో అరగంట ఉంచి మళ్లీ కొలిచి తగ్గించుకోవాలి.

ఎండలో నిలబెట్టిన బైకు విషయంలో ఇంకా జాగ్రత్త. నల్ల రబ్బరు, ఒక పక్కే ఎండ, టైర్ 15 డిగ్రీలు వేడెక్కినా 2 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేశారో దెబ్బతింటారు. గ్రిడ్‌కి (రేసు మొదలుపెట్టే చోటికి) వెళ్లేదాకా చక్రాల మీద తడపని మందపాటి గుడ్డ కప్పి ఉంచండి, ఖర్చు లేని పని.

నైట్రోజన్ వేయిస్తే తేడా ఉంటుందా?

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడెక్కితే రెండూ ఒకేలా పెరుగుతాయి. నైట్రోజన్‌లో అసలు లాభం ఏంటంటే అందులో తేమ ఉండదు. పాత కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి ఉంటాయి, గాలితో పాటు ఆ నీటి తుంపర టైర్‌లోకి వెళ్తుంది, లోపల 60 డిగ్రీలకి చేరితే ఆ నీరు ఆవిరై మామూలు లెక్క మీద ఇంకో 2 పీఎస్ఐ వరకు కలుపుతుంది. ఒకరోజు 32, ఇంకోరోజు అదే పద్ధతిలో 34 వస్తే ఇదొక కారణం అయ్యుండొచ్చు. కాబట్టి నైట్రోజన్ దొరికితే మంచిదే, దొరక్కపోతే చేతి పంపు గానీ, ట్యాంకు నీళ్లు వదిలేసిన కంప్రెసర్ గానీ చాలు.

నేను 85 కిలోలు, మా తమ్ముడు 55. ఇద్దరికీ ఒకే బైకు, ఒకే గాలి?

లేదు. బైకే 140 కిలోలు ఉన్నప్పుడు 30 కిలోల తేడా చిన్నది కాదు. మీకు ఒక పీఎస్ఐ ఎక్కువతో మొదలుపెట్టి చూడండి, ముఖ్యంగా వెనక.

మోటోజీపీలో (ప్రపంచ స్థాయి బైకు రేసుల్లో) 1.8 బార్ అంటారు, అంటే 26 పీఎస్ఐ. వాళ్లే అంత తక్కువ పెడితే మేం 28 ఎందుకు?

అది ముందు టైర్‌కి కనీస హద్దు, అదీ తిరుగుతున్న వేడి టైర్‌లో సెన్సార్‌తో చూసేది. అంతకంటే కిందికి వెళ్లకూడదని రూల్, 2023లో శిక్షలు మొదలుపెట్టినప్పుడు 1.88 బార్ ఉండేది, 2024లో 1.80కి తగ్గించారు. వాళ్ల టైర్ నిర్మాణం వేరు, స్లిక్ (గాడులు లేని రేస్ టైర్) వేరు, వార్మర్ వేరు, మన రోడ్డు టైర్‌తో పోలికే లేదు. ఆ నంబర్ వదిలేయండి, కానీ ఆ రూల్ చుట్టూ జరిగిన ఒక సంఘటన మాత్రం మనకి చాలా పనికొస్తుంది.

2025 మార్చి 2న థాయ్‌లాండ్ బురిరామ్‌లో మార్క్ మార్కెజ్ ముందుండి దూసుకుపోతూ ఏడో ల్యాప్‌లో కావాలని నెమ్మదించి తమ్ముడు అలెక్స్‌ని ముందుకి వదిలాడు. చూసేవాళ్లకి ఏం అర్థం కాలేదు. ఒంటరిగా ముందుంటే ముందు టైర్‌కి చల్ల గాలి తగిలి ప్రెషర్ ఆ హద్దు కంటే కిందికి పడిపోతోంది, అందుకని తమ్ముడి వెనక చేరి, ఆ వేడి గాలిలో టైర్‌ని వేడెక్కించుకుని, చివరి ల్యాపుల్లో మళ్లీ దాటి గెలిచాడు. ఆ తర్వాతి నెలలో ఖతార్‌లో రెండో స్థానంలో గీత దాటిన మావెరిక్ వినాలెస్‌కి ఇదే ప్రెషర్ రూల్ కింద 16 సెకన్ల పెనాల్టీ పడి 14కి పడిపోయాడు.

అయితే గుంపులో తోలేటప్పుడు మాకూ గాలి మార్చాలా?

మార్చాలి, చాలామంది పట్టించుకోనిది ఇదే. చిన్న బైకుల రేసంటేనే గుంపు, ఒకరి వెనక ఒకరు గాలి చాటున వెళ్లకపోతే స్ట్రెయిట్‌లో వదిలేస్తారు. ముందు బైకు ఇంజిన్ వేడి, సైలెన్సర్ వేడి మీ ముందు చక్రం మీదికే వస్తుంది, పైగా గుంపులో బ్రేకులు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. ప్రాక్టీస్‌లో ఒంటరిగా తిరిగి 32 వచ్చిన ముందు టైర్ రేసులో 33 దాటొచ్చు. ముందు వరసలో ఐదారుగురితో కలిసి తోలే అవకాశం ఉంటే నేను ముందు టైర్‌లో అర పీఎస్ఐ తగ్గించి వెళ్తా. క్వాలిఫయింగ్‌కి (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే సెషన్‌కి) మాత్రం తగ్గించను, అక్కడ రెండు మూడు ల్యాపుల్లోనే పని అయిపోవాలి.

సాఫ్ట్ రేస్ టైర్లు, స్లిక్స్ వేసుకుంటే?

కంపెనీ కాగితం తప్ప ఇంకేదీ నమ్మొద్దు. ఆ కాగితంలో నంబర్ చల్లగానా, వేడిగానా, వార్మర్ మీద నుంచి తీసినప్పుడా అన్నది ముందు చదవండి, వార్మర్ మీద 30 అని రాసినదాన్ని చల్లగా 30 పెట్టుకుని తోలినవాళ్లని చూశా, టైర్ బాలేదని తిట్టుకుంటూ వచ్చారు. వన్ మేక్ రేసుల్లో (అందరూ ఒకే రకం బైకుతో తోలేవి) టైర్, వార్మర్ ఏది వాడాలో రూల్ బుక్‌లోనే ఉంటుంది, ముందే చూసుకోండి.

పిల్లల మినీ బైకులకి?

మినీజీపీలో వాడే ఓవాలే లాంటి బుల్లి బైకుల చక్రాలు చిన్నవి, లోపల పట్టే గాలి చాలా తక్కువ. అందుకని రెండు సంగతులు. ఒకటి, అర పీఎస్ఐ తేడా కూడా పిల్లాడికి తెలుస్తుంది. రెండు, గేజ్ పెట్టి తీసిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది, పెద్ద టైర్‌లో అది లెక్కలోకి రాదు, ఇక్కడ వస్తుంది. నాలుగుసార్లు ఊరికే కొలిచి చూసి ఎందుకు తగ్గిందని వెతకొద్దు.

వాన పడితే తగ్గించాలా, పెంచాలా?

మాలో మాకే వాదన దీని మీద. నేను రోడ్డు టైర్లకి చల్లగా 1 నుంచి 2 పెంచుతా. తడి నేల మీద టైర్ వేడెక్కదు, 28 పెడితే 29 దగ్గరే ఆగిపోతుంది, ఎండలో చేరే 31కి చేరదు. పైగా గాలి ఉంటేనే టైర్ మీది గాడులు తెరుచుకుని ఉండి నీళ్లని బయటికి తోసేస్తాయి. తగ్గించేవాళ్లు టైర్ త్వరగా వేడెక్కాలని తగ్గిస్తారు, సన్న జల్లు పడి ఆరిపోతున్న ట్రాక్ మీద అది పనిచేయొచ్చు, నీళ్లు నిలబడిన చోట మాత్రం నేను ఒప్పుకోను.

టైర్ అరుగుదల చూసి గాలి ఎక్కువా తక్కువా చెప్పొచ్చా?

కొంచెం చెప్పొచ్చు, కానీ సస్పెన్షన్ కూడా అవే గుర్తులు వేస్తుంది కాబట్టి గేజ్ నంబర్, టైర్, మీకు తోలినప్పుడు అనిపించింది, మూడూ కలిస్తేనే నమ్మండి. ఒకేసారి గాలీ మార్చి, సస్పెన్షన్ కూడా తిప్పేస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలీదు. టైర్ పక్కన నాలుగంకెల తయారీ కోడ్ కూడా చూడండి, 2324 అంటే 2024లో 23వ వారం. ఎండిపోయిన పాత రబ్బరుకి గాలి ఎంత మార్చినా ప్రాణం రాదు.

గాలి మెల్లగా కారుతుంటే?

సబ్బు నీళ్లు పోసి వాల్వు, రిమ్ము అంచు చూడండి. వాల్వుకి లోపల రబ్బరు వాషర్ ఉన్న మెటల్ మూత తప్పకుండా ఉండాలి, చక్రం వేగంగా తిరిగేటప్పుడు లోపలి పిన్ను టైర్ వైపుకి జరిగి వాల్వు తెరుచుకునే అవకాశం ఉంది, అప్పుడు గాలిని ఆ మూతే ఆపుతుంది. పంక్చర్ వేసిన టైర్‌తో మాత్రం ట్రాక్ ఎక్కొద్దు, ఎంత బాగా వేశాడన్నా సరే.

పుస్తకంలో ఏమేం రాసుకోవాలి?

తేదీ, ట్రాక్, టైమ్, ఎండా నీడా, గాలి ఉష్ణోగ్రత, టైర్ పేరు, అది ఎన్నో సెషన్, చల్లగా ముందు వెనక, వేడిగా ముందు వెనక, మంచి ల్యాప్ టైమ్, ఒంటరిగానా గుంపులోనా, ఏ మూలలో ఏం అనిపించింది. నా పాత పుస్తకంలో ఒక పేజీలో "మూడో మూలలో ముందు బద్ధకం, 27 నుంచి 28.5" అని ఉంటుంది, తర్వాతి ఏడాది అదే ట్రాక్‌కి అదే టైర్‌తో వెళ్లినప్పుడు నాకు రెండు సెషన్లు ఆదా అయ్యాయి.

రేసు అయ్యాక అదే బైకు మీద ఇంటికి వెళ్లొచ్చా?

బెంగళూరు మీదుగా హైదరాబాద్ దాకా 44 హైవే ఎక్కి వెళ్లేవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్తున్నా. ట్రాక్ గాలితో బ్యాగులు కట్టుకుని అంత దూరం వెళ్లొద్దు. టైర్లు చల్లారాక స్టిక్కర్ మీద ఉన్న నంబర్‌కి నింపుకుని, అంచుల్లో, మధ్యలో కోతలు ఏమైనా ఉన్నాయేమో చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు బయల్దేరండి. గేజ్ పైన ట్యాంక్ బ్యాగులోనే పెట్టుకోండి, కింద డిక్కీలో కాదు.